ప్రార్థన గది వైరు

తబిత ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు మనిషి ముఖం చూడదు, గోడ మొదలు చూస్తుంది. గోడా నేలా కలిసే చోట తెల్లటి ప్లాస్టిక్ పట్టీ కింద వైరు పోతుంటుంది కదా, దాన్ని ఎలుక కొరికిందా, చీపురు తగిలి ఊడిందా అని ఒక చూపు. ఆ తర్వాతే మనిషిని పలకరిస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె నా మంచం కిందికి వంగి ఉంది. పామేమైనా దూరిందేమోనని కాళ్లు పైకి తీసుకున్నాను.

"పామయితే నాకేం పని సారూ, వాచ్‌మన్‌ను పిలుస్త," అంది వంగిన చోటి నుంచే. "మీ మంచం కోడు నా వైరు మీద కూసున్నది. జర జరపనిస్తరా?"

నేను ఆ ఆసుపత్రికి చేరింది కాలి పుండుతో. దమ్మపేట వైపు తిరిగి తిరిగి, దుమ్ముగూడెం దగ్గర తెల్లవాళ్ల నాటి పాత పడవల కాలువ ఇంకోసారి చూద్దామని బయల్దేరాను. ఆ కాలువలో పడవను ఒక రాతి తొట్టెలో నిలబెట్టి, ముందు నీళ్లూ వెనక నీళ్లూ సమానమయ్యే దాకా తలుపు తెరిచేవాళ్లు కాదట. ఆగడం కూడా ప్రయాణంలో లెక్కే అని నమ్మిన ఇంజనీర్లు. ఆ తొట్టె రాళ్ల మధ్య నిలబడి ఇదంతా ఆలోచిస్తుంటే తుమ్మముల్లు చెప్పుని పొడుచుకుని మడమలో దిగింది. మూడు రోజులు పట్టించుకోలేదు, నాలుగో రోజు కాలు గుమ్మడికాయ అయింది. గోదావరి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ చిన్న మిషన్ దవాఖానాలో పదహారు రోజులు పడుకున్నాను. నడవలేని వాడికి మనుషులే ఊళ్లు. ఆ పదహారు రోజుల్లో నేను ఎక్కువగా తిరిగిన ఊరు తబిత.

ఆమెకు నలభై ఆరేళ్లు. సొంతూరు జూలూరుపాడు దగ్గర. పదో తరగతి పాసయ్యాక, పంతొమ్మిదో ఏట, ఇక్కడ టెలిఫోన్ బోర్డు మీద కూర్చోవడానికి వచ్చింది. ముప్పై లైన్ల బోర్డు. దగ్గు విని ఏ డాక్టరు ఫోనెత్తాడో చెప్పేదట. తర్వాత ఆ బోర్డు చచ్చిపోయి కంప్యూటర్లు వచ్చాయి. వాటిని కలపడానికి ఖమ్మం నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు, ఇది ఆడవాళ్లకు అర్థమయ్యే పని కాదన్నాడు. తబిత మూడు రోజులు అతనికి టార్చిలైటు పట్టింది. అతను బస్సెక్కగానే రెండు వందల పేజీల నోటుబుక్కు కొని, ఏ వైరు ఏ గదికి పోతుందో, అతను ఏ బొత్తాం తర్వాత ఏ బొత్తాం నొక్కాడో మొత్తం రాసుకుంది. ఇప్పుడు అలాంటివి పదకొండు నోటుబుక్కులు. ఆమె దగ్గర సర్టిఫికెట్టు మాత్రం లేదు. భర్త భద్రాచలంలో ఆటో నడుపుతాడు. రోడ్డు మీద ట్రాఫిక్కు ఆయనది, గోడల్లో ట్రాఫిక్కు నాది అని నవ్వుతుంది.

ఆమె ఏలే రాజ్యం మెట్ల కింద, పాత టెలిఫోన్ బోర్డు ఉండిన చోటే, ఒక ఇనుప బీరువాలో ఉంది. మూరెడు వెడల్పు డబ్బా. ముందువైపు ఇరవై నాలుగు చదరపు నోళ్లు, ప్రతి నోట్లో ఒక వైరు, ప్రతి వైరు పక్కన మిణుకుమనే ఆకుపచ్చ చుక్క. చదువుకున్నవాళ్లు దాన్ని ఈథర్నెట్ స్విచ్ అంటారు. ఆసుపత్రిలో అందరికీ అది డబ్బా, ఈమె డబ్బా తబితక్క. చీటీలు రాసే చోటి నుంచి పేరు, ల్యాబు నుంచి రక్తం సంగతి, ఎక్స్‌రే గది నుంచి బొమ్మ, అన్నీ చిన్న చిన్న ముక్కలై ఈ డబ్బాలోకి వచ్చి, ఏ ముక్క ఏ గదికి పోవాలో ఆ గదికే పోతాయి. ఒకే చోటికి ఒకేసారి పది ముక్కలొస్తే ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తగాదా పుడుతుంది. ఆ తగాదా తీర్చడమే తబిత పని.

రైలు సిగ్నళ్ల చరిత్ర మీద ఒక లావు పుస్తకం ఒకప్పుడు మూడు వర్షాకాలాలు చదివాను. అందులో నాకు మిగిలిన సంగతి ఒక్కటే. రైలును నడపడం మనిషి తొందరగానే నేర్చుకున్నాడు, ఒక రైలు కోసం ఇంకో రైలును ఆపడం నేర్చుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది. ఈ మాట తబితతో అంటే ఆమె బీరువా తలుపు తీసి తన లెక్క చెప్పింది.

"ఎక్స్‌రే బొమ్మ ఎడ్లబండి సారూ. బరువెక్కువ గని, జర ఆలస్యమైతే ఏడ్వదు. చీటీ సైకిలు. గురువారం డాక్టరమ్మ మాటనేమో నెత్తి మీద నిండు కుండ పెట్టుకొని నడిచే మనిషి. మధ్యల ఆపితే ఒలికిపోతది. అందుకే ముందుగాల ఆమెకు తొవ్వ ఇడ్వాలె."

ఆ తొవ్వ ఆమె చాలాకాలం కిందటే విడిచింది. డబ్బాలో వరసలు ఏర్పరిచి, గురువారం వీడియో వైరుకు అన్నిటికన్నా ముందు వరస ఇచ్చింది. అయినా ఆ వర్షాకాలంలో కుండ ఒలుకుతూనే ఉంది.

గురువారం సంగతి చెప్పాలి. ఖమ్మంలో ప్రమీల అని పిల్లల గుండె డాక్టరు ఉంది. తండాలో పుట్టి పెరిగిన మనిషి. వారానికొక రోజు, గురువారం తొమ్మిది గంటల నుంచి, ఇక్కడి నర్సమ్మ పక్కన కూర్చోబెట్టిన పిల్లల్ని తెర మీద చూస్తుంది. పెదాల రంగు, గోళ్ల రంగు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి. తల్లులతో మాట్లాడి మందు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ తల్లుల్లో ఒకామె రూప్లి. పైన అడవి అంచు తండా నుంచి కూతురు సోనిని చంకనేసుకుని వస్తుంది. సోనికి నాలుగేళ్లు, గుండెలో చిల్లు. బరువు పెరిగాక ఆపరేషను, అంతదాకా మందులు.

రూప్లికి తెలుగు వచ్చు, బేరమాడేంత, బస్సెక్కేంత. కానీ పిల్ల రాత్రి ఎట్లా ఉలిక్కిపడి లేస్తుందో, పాలు తాగుతూ ఎక్కడ ఆగుతుందో చెప్పాలంటే ఆమెకు తన తండా భాషే కావాలి. తెరలో ప్రమీల ఆ భాషలోనే అడుగుతుంది, ఆ భాషలోనే వింటుంది. అంతకుముందు వేరే పెద్ద దవాఖానాలో రూప్లి నోరు తెరిచేలోపే చీటీ రాసి పంపేశారట. "గాడ నేను సోనికి తల్లినో, మోసుకొచ్చిన కూలిదాన్నో తెల్వకపాయె," అని వరండాలో నాతో అన్నది. ఖమ్మం పోవాలంటే తండా నుంచి మండల కేంద్రానికి ఆటో, అక్కణ్నుంచి భద్రాచలం, ఆ తర్వాత మూడున్నర గంటల బస్సు. సగం దారికే పిల్ల పెదాలు నీలిరంగుకు తిరుగుతాయి. ఒకసారి పోయి, ఇక పోనని ఒట్టు పెట్టుకుని వచ్చింది.

అలాంటి గురువారం వరసగా నాలుగుసార్లు చెడింది. తొమ్మిదింటికి బాగానే మొదలయ్యేది. మొదటి పిల్లను చూడటం అయిపోయి, రెండో పిల్ల కూర్చునేసరికి ప్రమీల నోరు సగం తెరుచుకుని తెర మీద బొమ్మై నిలిచిపోయేది. తబిత మెట్ల కిందికి పరుగెత్తి డబ్బాను ఆపి మళ్లీ వేసేది. అది లేచి కుదురుకోవడానికి అయిదు నిమిషాలు, ఈలోగా చీటీలూ ల్యాబూ అన్నీ బంద్. మళ్లీ పది నిమిషాలు బాగుండి, మళ్లీ బొమ్మ. సాయంత్రానికి దానంతట అదే సర్దుకునేది. శుక్రవారం, శనివారం ఏ నొప్పీ లేదు. మళ్లీ గురువారం మామూలే.

తబిత మొదట వైర్లు మార్చింది. తర్వాత నర్సుల ఫోన్ల మీద పడింది. వాళ్లు ఫోన్లలో సీరియళ్లు చూడటం వల్లే దారి నిండిపోతోందని నిర్ణయించి, గురువారం పొద్దున్నే ఒక చాట పట్టుకుని వార్డులన్నీ తిరిగి ఫోన్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. నర్సులు ఊరుకుంటారా. ఒకామె ఫోనుతోపాటు గాజులు కూడా తీసి చాటలో వేసి, "ఇవి గిట్ల దారికి అడ్డమేమో చూడక్కా" అందట. దవాఖానా మేనేజరు షాలేమ్‌రాజు నోరు మంచిది కాదు, మనసు మంచిదే. ఆయన రోజూ మెట్ల దగ్గర ఆగి, నీ డబ్బా కంటే పావురం కాలికి చీటీ కట్టి పంపితే నయం కదా తబితమ్మా, మన గోదారి మీద పావురాలకేం కొదువ అని పోయేవాడు.

నాలుగో గురువారం సాయంత్రం ప్రమీల ఫోను చేసి తబితతోనే మాట్లాడింది. కోపం లేదట గొంతులో, అలసట ఉంది. తన పెద్ద డాక్టర్లు ఆ రెండు గంటలు వేరేవాళ్లకు ఇమ్మంటున్నారు, ఇంకొక్క గురువారం చూస్తుంది, అదీ చెడితే పిల్లలందర్నీ ఖమ్మమే తీసుకురమ్మని రాసేస్తుంది. తబిత ఈ మాట రూప్లికి చెప్పలేకపోయింది. మేనేజరు చెప్పాడు. రూప్లి అది విని వచ్చి మెట్ల దగ్గర నిలబడి తబితను అడిగింది.

"అక్కా, నీ డబ్బకు మా తండోళ్ల మీద ఏమన్న పగనా?"

నవ్వుతూనే అడిగింది. తబిత ఆ పూట అన్నం తినలేదు.

బుధవారం సాయంత్రం వెలుతురుండగానే వరండాలో నా పక్కన కూర్చుని తబిత తన తండ్రి సంగతి ఎత్తింది. ఆయన పేరు పగిడయ్య, నీరటి. చెరువు నీళ్లు తూము విప్పి ఏ మడికి ఎప్పుడు పారాలో చూసేవాడు. ఇప్పుడు పిల్లలకు ఆ మాటే తెలియదు. నేను తిరిగిన ఊళ్లలో నీరటి అంటే కరణానికన్నా ఎక్కువ మంది పలకరించేవాళ్లు. కరణం కాగితం మీద పంచుతాడు, నీరటి పార పట్టుకుని పంచుతాడు. నీళ్లు కాగితం మాట వినవు కదా.

వాళ్ల ఊళ్లో ఒక పద్ధతి ఉండేదట. తన మడి నిండిన రైతు ఒడ్డు మీద ఒక మోదుగ కొమ్మ గుచ్చి పోతాడు. చాలు, ఆపు అని దానర్థం. కొమ్మ కనిపిస్తే నీరటి ఇక అడగకూడదు, మడవ కట్టి నీళ్లు ఆపేయాలి. ఆ ఒడ్డు దాటి కింది మడికి నీళ్లు పోవాలన్నా, ఆ కొమ్మ మనిషి వచ్చి కొమ్మ తీసి దారి ఇస్తేనే. ఎవరి మాట వాళ్లది, మర్యాద.

"నేను డబ్బల గదే పెట్టిన సారూ," అంది తబిత. వర్షాకాలం మొదట్లో ఎక్స్‌రే బొమ్మలు సగం సగం వస్తుండేవట. బొమ్మను అందుకునే కంప్యూటరు ముసలిది, ఇవతల మిషను కొత్తది. ముసలిది మింగేలోపే కొత్తది కుమ్మరించేది. డబ్బాలో ఫ్లో కంట్రోల్ అని ఒక ఏర్పాటు ఉంది. నిండిన కంప్యూటరు పాజ్ అని ఒక కబురు పంపితే, డబ్బా ఆగి, మళ్లీ తేరుకున్నాక పంపుతుంది. ఆమె దాన్ని ఎక్స్‌రేకే కాదు, ఇరవై నాలుగు నోళ్లకూ తెరిచింది. ఒకరికి మర్యాద ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే ఎట్లా అని. బొమ్మలు అప్పటి నుంచి నిండుగా వస్తున్నాయి. ఆ ఏర్పాటు చూసి నాయన గుర్తొచ్చి కళ్ల నీళ్లు పెట్టుకున్నానని చెప్పింది.

నేను ఊరికే అడిగాను, ఆ కొమ్మ పద్ధతి ఎన్నడూ బెడిసికొట్టలేదా అని. వినే చెవి దొరికితే కథ ఇంకా ఉంటుందని తిరిగేవాడికి తెలుస్తుంది.

బెడిసికొట్టిందట, ఒక్కసారి. ఒక రైతు కొమ్మ గుచ్చి, దాని సంగతి మరిచి దమ్మపేటకు పెళ్లికి పోయాడు. పగిడయ్య కొమ్మకు మర్యాద ఇచ్చి మడవ కట్టి, నాలుగు రోజులు అటు పోలేదు. మడి ఎండి నెర్రెలిచ్చింది. దాని కింద సైదమ్మ అనే ఒంటరి ఆడమనిషి నారుమడి కూడా పోయింది. పగిడయ్య తన విత్తనం ఆమెకిచ్చి, తనే నారు పోసిచ్చాడు. ఆ తర్వాత చచ్చేదాకా కొమ్మ కనిపించినా సరే, దిగి మడిలో పాదం పెట్టి చూసేవాడట.

"అందుకే నేను గూడ తెర ముంగట కూసోను, గది గదికి నడుస్త," అని చీర కొంగు దులుపుకుని లేచింది. తను చెప్పిన కథలోనే తనకు కావలసింది ఉందని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

గురువారం తెల్లవారింది. ఆ ఆసుపత్రిలో గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు ఉద్యోగుల ప్రార్థన. ప్రార్థన గది చిన్నది, నా గది పక్కనే. నడిపించేది చీటీల జోజమ్మ. ఆమెకు అరవై దాటాయి. నలభై ఏళ్లుగా వచ్చే రోగి పేరు రాసేది ఆమే, ప్రతి మనిషినీ బిడ్డా అనే పిలుస్తుంది. ఆమె భర్త ఏసయ్య ఇక్కడే మందులిచ్చేవాడు, మూడేళ్ల కిందట పోయాడు. ఆయన జ్ఞాపకంగా సంఘం వాళ్లు ఒక పాత కంప్యూటరు బాగుచేయించి ప్రార్థన గదికి ఇచ్చారు. పాటల మాటలు అందులోనే చూపిస్తారు. పాట అయిపోగానే తెర మీద ఏసయ్య ఫోటో వస్తుంది, చొక్కా జేబులో రెండు పెన్నులతో. ఆ రోజూ పాడారు. కాలు బాగుపడుతోందని నన్ను కూడా కూర్చోబెట్టారు. పాట అయ్యాక జోజమ్మ తెర బొత్తాం ఒక్కటే నొక్కి, దాని మీద అల్లిక గుడ్డ కప్పి, గదికి తాళం వేసి, చీటీల దగ్గరికి పోయింది.

తొమ్మిదింటికి తెర వెలిగింది. తబిత చాటలో ఫోన్లన్నీ అప్పటికే బీరువా మీద ఉన్నాయి. నేను చేతికర్ర పట్టుకుని మెట్ల పక్క బల్ల మీద చేరాను, అక్కడికి వీడియో గది తలుపు తెరిచే ఉంటుంది. మొదటి పిల్ల అయింది. రూప్లి సోనిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ప్రమీల ఏదో అడిగింది, రూప్లి మొదలుపెట్టింది. నాకు భాష రాదు, కానీ వరండాలో రెండు రోజులుగా ఆమె లోలోపల వల్లె వేసుకున్న మాటలు అవేనని గొంతును బట్టి తెలుస్తోంది. చేతుల్తో పిల్ల ఛాతీ ఎట్లా ఎగిరిపడుతుందో చూపిస్తోంది. చూపిస్తూ చూపిస్తూ తల ఎత్తింది. తెరలో ప్రమీల కదలడం లేదు.

రూప్లి చేతులు అట్లాగే గాలిలో ఉంచి తలుపు వైపు, తబిత వైపు చూసింది. సోని "యాడీ" అని అమ్మను పిలిచి, ఆమె గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పింది.

ఆ ఒక్కసారి తబిత డబ్బాను ఆపలేదు. ఆపితే లోపలి గుర్తులన్నీ చెరిగిపోతాయని ముందే అనుకుని ఉందట. డబ్బాకు నేరుగా తగిలించే నీలి వైరు ఒకటి తన చిన్న కంప్యూటరుకు పెట్టింది. నోళ్ల వరస వచ్చింది. ఏ నోరు ఎంత పంపిందో చూసే వరస ఆమె నాలుగు వారాలుగా చూస్తున్నదే, అందులో ఎవరి తప్పూ లేదు. ఈసారి వేలు ఇంకా కిందికి జరిపింది. ఏ నోటి నుంచి ఎన్ని పాజ్ కబుర్లు వచ్చాయో చూపే వరస అది. అన్నిటి ఎదురుగా సున్నాలు, ఎక్స్‌రే దగ్గర ఒక చిన్న అంకె. పద్నాలుగో నోటి ఎదురుగా ఉన్న అంకె మాత్రం కంటికి ఆనడం లేదు, గిర్రున తిరుగుతోంది.

"కొమ్మ," అంది తబిత.

నాకు అర్థమయ్యేలోపే, ఆమె నోటుబుక్కు తెరవకుండానే, పద్నాలుగో నోట్లోంచి వైరు పీకేసింది.

వీడియో గదిలోంచి ప్రమీల గొంతు ఒక్కసారిగా వచ్చింది, మధ్యలో తెగిన మాట నుంచే. వినిపిస్తోందా, వినిపిస్తోందా అంటున్నట్టుంది. రూప్లి గాలిలో ఉన్న చేతుల్ని పిల్ల ఛాతీ మీదికి దించి, ఆపిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ తర్వాత తబిత నాకు విడమరిచి చెప్పింది. ఇన్నాళ్లూ ఎవరు ఎక్కువ పంపుతున్నారో చూసింది, ఎవరు ఆగమంటున్నారో చూడలేదు. ఆ పద్నాలుగో వైరు పోయేది ప్రార్థన గది కంప్యూటరుకు. అది ఏమీ పంపదు, కాబట్టి దాని జోలికే పోలేదు. ఎవరూ ముట్టుకోకపోతే కాసేపటికి దానంతట అది నిద్రపోవాలి. ఆ ముసలిది నిద్రపోబోయి సగంలో బిగుసుకుపోయేది. బిగుసుకుపోతూ, నాకు నిండింది ఆగు, నిండింది ఆగు అంటూనే ఉండేది. డబ్బా మర్యాదగా ఆగేది. అన్ని గదులకూ కలిపి పోయే కబుర్లలో దానికి చేరాల్సిన ముక్కలన్నీ డబ్బా కడుపులోనే పేరుకునేవి. పది నిమిషాల్లో కడుపు నిండి, డబ్బా తనూ మిగతావాళ్లందర్నీ ఆగమనేది. ముందు వరసలో ఉన్న డాక్టరమ్మ కూడా ఆగాల్సిందే. సాయంత్రం జోజమ్మ పోతూ పోతూ గోడ మీది మెయిన్ బొత్తాం ఆపేసేది, దాంతో కొమ్మ ఊడిపోయేది.

అయిదుగురు పిల్లలూ అయ్యారు. ఎక్కడా ఆగలేదు. చివర్న తబిత తెర ముందుకు వెళ్లి నిలబడి, తప్పు ఫోన్లది కాదు, వైర్లది కాదు, తానే వర్షాకాలంలో అందరికీ తెరిచిన ఏర్పాటుదని ప్రమీలకు చెప్పింది. ఇంత వివరం అవసరమా అని మేనేజరు వెనక నుంచి సైగ చేస్తూనే ఉన్నాడు. ప్రమీల అంతా విని, వచ్చే గురువారం ఆరుగురు పిల్లల్ని పెట్టమన్నది. తబిత చాట నెత్తిన పెట్టుకుని వార్డులు తిరిగి ఎవరి ఫోను వాళ్లకిచ్చి తప్పయిందని చెప్పుకుంది. గాజులామె ఫోను తీసుకుని, మరి చాట కిరాయి ఎవరిస్తరక్కా అని అడిగింది.

ఇక మిగిలింది జోజమ్మ. తబిత ఒంటిగంటకు తాళంచెవి అడిగి తెచ్చుకుని ప్రార్థన గది తీసింది. మడిలో పాదం పెట్టి చూడాలి కదా. గుడ్డ తీసి తెర వెలిగించింది. ఏసయ్య నవ్వుతున్నాడు. తెర మూలన గడియారం తొమ్మిదీ పది దగ్గర ఆగి ఉంది. బాణం గుర్తు కదలడం లేదు. జోజమ్మ వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది.

దీన్ని సరిగ్గా ఎందుకు బంద్ చేయవు పెద్దమ్మా, తెర ఒక్కటే ఎందుకు ఆర్పుతావు అని తబిత మెల్లగా అడిగింది. జోజమ్మ చాలాసేపు గుడ్డ మడతలు సరిచేసింది. బంద్ చేయమని నొక్కితే ఫోటో ముందు మసకబారి, తర్వాత నల్లగా అయిపోతుందట. దవాఖానాలో ఆయన కళ్లు మూసింది తన చేత్తోనే. వారం వారం ఆ పని మళ్లీ చేయలేదు తను. తెర ఆర్పడమంటే దుప్పటి కప్పడం, అంతే. సాయంత్రం మెయిన్ బొత్తామైతే అటు తిరిగి నొక్కేస్తుంది.

తబిత అప్పుడు జరిగిందంతా చెప్పింది. చెప్పకుండా కూడా నడిచేది. కానీ ఈ డబ్బా మనిషికి దాపరికం చేతకాదు.

"నా ఏసయ్యనా?" అంది జోజమ్మ. "బతికున్నన్నాళ్లు ఒక్కర్ని ఆగుమనలే బిడ్డా. మందుల కిటికీ కాడ అందరికీ ముందు ఇచ్చి, ఆయనే ఆగేటోడు."

"ఆయన కాదు పెద్దమ్మా, పెట్టె. తప్పు నాది."

"గా పాప ఊపిరి మధ్యల నేను కప్పిన గుడ్డ ఉన్నది గదా." జోజమ్మ కుర్చీలో కూర్చుంది.  "ఇగ దీన్ని తీసేస్తవా?"

తీసేయనక్కర్లేదని తబిత చెప్పింది. నిద్ర లేకుండా చేసింది దానికి, సాయంత్రం దాకా మెలకువగానే ఉంటుంది. డబ్బాలో కూడా ఆ మర్యాద ఎక్స్‌రేకు మాత్రం ఉంచి, మిగతా నోళ్లన్నిటికీ తీసేసింది. ఇక పద్నాలుగో వైరు నుంచి ఎంత ఆగమన్నా డబ్బా చెవిన పెట్టదు.

"అంటే ఏసయ్య మాట ఇగ వినదు."

"వినదు పెద్దమ్మా."

జోజమ్మ ఫోటో వైపు చూసింది. "మంచిదే. నేను గూడ ముప్పై ఏండ్లు యిన్లే."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే జోజమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తబిత నేల మీద కూర్చుని పద్నాలుగో వైరు గోడ పట్టీలో మళ్లీ సరిగ్గా దూర్చింది.

తర్వాతి గురువారానికి నా కాలు చెప్పులో పట్టింది. ఆ మధ్యాహ్నమే బస్సు. పొద్దున ప్రార్థన అయింది, గుడ్డ కప్పారు, తాళం వేశారు. కానీ జోజమ్మ చీటీల దగ్గరికి పోలేదు. రోగులు వరసలో నిలబడి ఉన్నారు, మేనేజరు స్వయంగా కూర్చుని పేర్లు రాస్తూ తప్పులు చేస్తున్నాడు. ఆమె వచ్చి వీడియో గది బయట నా పక్కన బల్ల మీద కూర్చుంది. లోపల రూప్లి మాట్లాడుతోంది. చెప్పాల్సింది చెప్పేసి, ఇప్పుడు ఇంకేదో చెబుతోంది, ప్రమీల నవ్వుతోంది. సోని తెరను తాకబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుంది. మందు తగ్గించారని, ఆపరేషనుకు ఇంకో రెండు కిలోలు పెరిగితే చాలన్నారని రూప్లి ఆ తర్వాత చెప్పింది.

జోజమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె గోడ గడియారం చూస్తోంది. తొమ్మిదీ పది అయింది. ఇరవై. ముప్పై. లోపల మాట తెగలేదు. తబిత మెట్ల దగ్గర నిలబడి చుక్కల్ని కాదు, జోజమ్మనే చూస్తోంది.

పావు తక్కువ పదికి జోజమ్మ లేచి, చీర కుచ్చిళ్లు సవరించుకుని, "ఆ మేనేజరుకు పేర్లు రాయ రాదు," అని చీటీల దగ్గరికి నడిచింది.